డ్రూపల్ వ్యూస్‌లో సొంత ఫీల్డ్ హ్యాండ్లర్: లేని కాలమ్‌ను వెతుకుతోంది

ప్రశ్న:
నమస్కారం. మా గ్రంథాలయం కోసం డ్రూపల్ 10లో (వెబ్‌సైట్లు నిర్మించే సాఫ్ట్‌వేర్) పుస్తకాల జాబితాను వ్యూస్‌తో (అందులో జాబితాలు తయారుచేసే భాగం) తయారు చేశాను. పాఠకులు తీసుకెళ్లిన పుస్తకాన్ని తిరిగి ఇవ్వడానికి ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో చూపే ఫీల్డ్ ఒకటి అందులో ఉండాలి. ఆ సంఖ్య డేటాబేస్‌లో ఎక్కడా ఉండదు, గడువు తేదీని బట్టి లెక్కకట్టవలసిందే. వ్యూస్‌కు కొత్త ఫీల్డ్‌లను తెలిపే హుక్_వ్యూస్_డేటా_ఆల్టర్‌లో ఫీల్డ్‌ను నమోదు చేసి, వ్యూస్ ఫీల్డ్‌లకు మాతృ క్లాసైన ఫీల్డ్‌ప్లగిన్‌బేస్ ఆధారంగా క్లాసు (ఇదే హ్యాండ్లర్) రాసి, విలువను తెరపై చూపే రెండర్()లో లెక్క కట్టాను. అయితే వ్యూకు దానిని చేర్చగానే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ నుంచి 1054, అన్‌నోన్ కాలమ్ (తెలియని కాలమ్) అనే ఎర్రర్ వస్తోంది.

జవాబు 1:
మీ రెండర్()లో తప్పేమీ లేదండి. మాతృ క్లాసులోని క్వెరీ() మీరు నమోదు చేసిన పేరునే కాలమ్ పేరుగా తీసుకుని, డేటాబేస్‌ను అడిగే ఎస్‌క్యూఎల్‌లో చేరుస్తుంది కాబట్టి, మీ క్లాసులో క్వెరీ()ని మళ్లీ ప్రకటించి ఖాళీగా వదిలేయండి. రెండర్()లో ఒక్కో నోడ్‌ను (డ్రూపల్‌లో ఒక కంటెంట్ అంశం, ఇక్కడ ఒక పుస్తకం) విడిగా తెచ్చే నోడ్‌లోడ్ జోలికి వెళ్లవద్దు. ఆ పేజీలోని నోడ్‌లన్నిటినీ వ్యూస్ ముందే ఒక్కసారిగా తెచ్చి ఉంచుతుంది, గెట్‌ఎంటిటీ() అడిగితే చాలు.

జవాబు 2:
దీనికి ఒక మాట చేరుస్తాను. క్వెరీ() ఖాళీ అయ్యాక శీర్షికపై నొక్కి వరుస మార్చడం కుదరదు కాబట్టి, నమోదులో 'క్లిక్ సార్టబుల్'ను ఫాల్స్ చేయండి. మిగిలిన రోజుల వరుసా గడువు తేదీ వరుసా ఎలాగూ ఒకటే, ఆ తేదీపైనే సార్ట్ పెట్టుకోవచ్చు. దీనికోసం ఎస్‌క్యూఎల్ సూత్రం రాయడం నా దృష్టిలో వృథా శ్రమ.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు, ఎర్రర్ పోయింది. కాని నిన్న '4 రోజులు' అని చూపిన పుస్తకం ఇవాళ కూడా అదే చూపుతోంది.

జవాబు 1:
నోడ్ మారలేదు గనుక క్యాష్ (ముందే తయారుచేసి దాచిన ప్రతి) పాత పేజీనే అందిస్తోంది. మీ క్లాసు క్యాషబుల్‌డిపెండెన్సీఇంటర్‌ఫేస్‌ను అమలు చేసి, ఆ ప్రతిని ఎన్ని సెకన్లు దాచవచ్చో (మ్యాక్స్‌ఏజ్) తెలిపే గెట్‌క్యాష్‌మ్యాక్స్‌ఏజ్()లో అర్ధరాత్రి వరకు మిగిలిన సెకన్లు కాకుండా 3600 (ఒక గంట) వంటి స్థిరమైన సంఖ్యనే ఇవ్వాలి, ఎందుకంటే వ్యూను సేవ్ చేసిన క్షణంలో వచ్చిన విలువే దాని కాన్ఫిగరేషన్‌లో నిలిచిపోతుంది. అందువల్లనే కోడ్ మార్చాక వ్యూను మరోసారి సేవ్ చేయడం మరవకండి, నేను ఒక పూట పోగొట్టుకున్నది ఇక్కడే. లాగిన్ కాని పాఠకులకు మొత్తం పేజీలను దాచి ఇచ్చే ఇంటర్నల్ పేజ్ క్యాష్ ఈ మ్యాక్స్‌ఏజ్‌ను పట్టించుకోదు. వారికి కూడా ఈ జాబితా చూపేటట్లయితే గడువు తేదీని మాత్రమే పంపి, రోజుల లెక్కను బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్‌కు అప్పగించడం మేలు.