స్టాప్ తర్వాత ‘టు’నా ‘ఇంగ్’ఆ? బుర్ర తిరిగిపోతా ఉంది

అన్నా, కావలిలో ఉండి ఎస్సెస్సీ ఉద్యోగాల పరీక్షకి ప్రిపేర్ అవతా ఉండా, డిగ్రీ దాకా తెలుగు మీడియమే. నిన్న మాక్ టెస్ట్‌లో డ్రైవర్‌కి నిద్రొస్తా ఉందని ఒక లైన్ ఇచ్చి, కింద ‘సో హీ స్టాప్డ్’ అని ఖాళీ పెట్టి, డ్రింకింగ్ టీనా, టు డ్రింక్ టీనా అన్నాడు. స్టాప్‌కి ఎప్పుడూ ఇంగే అని బట్టీ కొట్టినోణ్ణి గదా, డ్రింకింగ్ పెట్టా, రాంగంట. మా సార్‌ని అడిగితే మిస్‌ప్రింట్ పో అనేశాడు.

ఒంగోలు నుంచి జవాబు:
మిస్‌ప్రింట్ కాదబ్బయా, రెండూ ఉండాయి, అర్థాలే వేరు. తెలుగులో చెప్పి చూడు. నిద్రొస్తా ఉంటే సింగరాయకొండ దాటినాక హైవే పక్కన లారీ ఆపినాడు, ఎందుకు? టీ తాగడానికి. అది స్టాప్డ్ టు డ్రింక్. అదే షుగరొచ్చి టీ తాగడం మానేశాడనుకో, స్టాప్డ్ డ్రింకింగ్. ‘డానికి’ వస్తే టు, ‘డం’ వస్తే ఇంగ్, అంతే. రిమెంబర్ కూడా చూసుకో, తాళం వేసినట్టు గుర్తుంది అంటే రిమెంబర్ లాకింగ్, తాళం వెయ్యడం మర్చిపోబాక అంటే రిమెంబర్ టు లాక్.

నెల్లూరు నుంచి ఇంకో జవాబు:
అన్నా, నీ లెక్క నీ తాళం దగ్గరే తప్పింది చూసుకో 😄 ‘వెయ్యడం’ అని డం పెట్టి టు అంటివే. ఈత కొట్టడం నేర్చుకున్నా అన్నా కూడా లర్న్డ్ టు స్విమ్మే. రిమెంబర్, ఫర్గెట్‌కి చూడాల్సింది పని అయిపోయిందా ఇంకా చెయ్యాలా అని, అయిపోయుంటే ఇంగ్, చెయ్యాల్సుంటే టు. మిగతావి బట్టీనే తమ్ముడూ: ఎంజాయ్, అవాయిడ్, ఫినిష్, మైండ్‌కి ఇంగ్, వాంట్, డిసైడ్, హోప్, రెఫ్యూజ్‌కి టు.

ఇంకోటి, నేను రెండేళ్లు ఆఫీసు మెయిల్స్ అన్నిట్లో ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ’ అనే కొట్టా, ఒక్కరూ చెప్పలా. మీట్ కాదంట, ‘టు మీటింగ్ యూ’ అని రావాలంట. టు తర్వాత సంక్రాంతి పెట్టి చూడు, ‘లుకింగ్ ఫార్వర్డ్ టు సంక్రాంతి’ కుదిరింది గదా, అట్టా కుదిరితే అక్కడ క్రియకి ఇంగ్ తగిలించాలి. ‘వాంట్ టు సంక్రాంతి’ కుదరదు, అందుకే వాంట్ టు గో.

కావలి తమ్ముడు:
సంక్రాంతి టెస్ట్ అదిరింది అక్కా. మరి ట్రైకి?

నెల్లూరు:
తలుపు బిగుసుకుపోయి తియ్యలేక తంటాలు పడతా ఉంటే ట్రయింగ్ టు ఓపెన్. గదిలో ఉక్కగా ఉంది, కిటికీ తీసి చూడరాదా అంటే ట్రై ఓపెనింగ్. స్టార్ట్‌కి మాత్రం ఏది పెట్టినా మార్కు పోదు.

ఒంగోలు:
తాళం సంగతి ఒప్పుకున్నా తల్లా. లారీ మాత్రం కరెక్టే 😄