నాన్నగారి ఇల్లు అన్నదమ్ములు అమ్ముతుంటే అక్కచెల్లెళ్ళ సంతకం అక్కర్లేదా?

కొత్త గడప:
అందరికీ నమస్కారమండి. అమలాపురం దగ్గర ఒక ఊళ్ళో ఆరు సెంట్ల స్థలం, అందులో పెంకుటిల్లు, పెరట్లో నాలుగు కొబ్బరి చెట్లు బేరం కుదిరింది. రెండు లక్షలు బయానా ఇచ్చేశాను. స్థలం అమ్మేవాళ్ళ నాన్నగారు 1991లో సొంత డబ్బుతో కొన్నది, దస్తావేజు ఆయన పేరునే ఉంది. 2014లో కాలం చేశారు, వీలునామా లేదు. భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు. అమ్మేది మాత్రం తల్లీ కొడుకులే. కూతుళ్ళ సంగతి అడిగితే, "పెళ్ళిళ్ళప్పుడే పసుపు కుంకుమ కింద చెరో ముప్పై సెంట్ల చేను ఇచ్చేశామండి, ఇంట్లో వాళ్ళకేమీ లేదు. మీకంత అనుమానంగా ఉంటే సాక్షి సంతకం పెట్టిస్తాం" అంటున్నారు. మా మామయ్యగారు కూడా ఇక్కడ అందరం ఇలాగే కొనుక్కున్నాం, ఏమీ కాదులే అంటున్నారు. మా ఆవిడ ససేమిరా అంటోంది. ఏం చెయ్యమంటారు?

లంక తోట:
మీ మామయ్యగారి మాటే నాదీనండి. మా నాన్న మా ఇద్దరక్కల పెళ్ళిళ్ళకి ఎకరం కొబ్బరితోట అమ్మారు. మిగతా అప్పు నేనూ తమ్ముడూ తొమ్మిదేళ్ళు తీర్చాం. అమ్మని చూసుకున్నదీ మేమే. ఇప్పుడు ఇల్లు అమ్ముతుంటే అక్కల్ని పిలిచి సంతకం పెట్టమంటే వాటాదారుల్ని చూసినట్టు చూడటమే కదా! పండక్కి వస్తారు, చీర పెడతాం, కళ్ళనీళ్ళతో సాగనంపుతాం. ఆ బంధం రిజిస్ట్రారు ఆఫీసు దాకా వెళ్తే నిలబడదు. పైగా ఆడపిల్లలకి వాటా అన్నది 2005లో వచ్చింది. అంతకుముందు పెళ్ళైన వాళ్ళకి ఇంట్లో వాటా లేదు.

దస్తావేజుల పెట్టె:
లంక తోట గారూ, మీ కష్టం కాదనను. కానీ చట్టం విషయంలో పొరబడుతున్నారు. ఇరవై రెండేళ్ళుగా దస్తావేజులు రాస్తున్నాను, ఈ పొరబాటు వారానికోసారైనా వింటాను.

తండ్రి స్వార్జితం, వీలునామా లేకుండా పోయారు. అలాంటప్పుడు హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం భార్యకీ, కొడుకులకీ, కూతుళ్ళకీ సమాన వాటా. ఇది 2005లో రాలేదండి, 1956 నుంచీ ఉంది. పెళ్ళైందా, ఎప్పుడైంది అన్న ప్రశ్నే లేదు. 1985 సెప్టెంబరు 5 నుంచి మన రాష్ట్ర సవరణ, 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ, 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు, ఇవన్నీ తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు గురించి.

"ఇంట్లో వాటా లేదు" అన్న మాట ఎక్కడిదో కూడా చెబుతాను. పాత చట్టంలో 23వ సెక్షన్ ఉండేది. కొడుకులు తమలో తాము పంచుకునేదాకా కాపురముండే ఇంటిని పంచమని కూతుళ్ళు అడగకూడదు అనేవారు. వాటా అప్పుడూ ఉంది, అడగడానికే అడ్డు. 2005లో ఆ సెక్షనే తీసేశారు.

ఇక కొత్త గడప గారి బేరం. అయిదుగురు వారసులు, అయిదు వాటాలు. తల్లీ కొడుకులు అమ్మగలిగింది వాళ్ళ మూడు వాటాలే. ఆరు సెంట్లకి డబ్బు కట్టి మీరు కొనేది 3.6 సెంట్లండి. మిగతా 2.4 ఆడపిల్లలదే. అసలు మెలిక వేరే ఉంది. పంచని కాపురపు ఇంట్లో పరాయివాళ్ళు వాటా కొంటే, ఇంటివాళ్ళతో కలిసి స్వాధీనం ఇమ్మని అడగలేరు, ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్. పోనీ పంచమని మీరే కోర్టుకెళితే, వెలకట్టి మీ వాటా తామే కొంటామని కుటుంబం అడగొచ్చు. ఆ హక్కు 1893 నాటి విభజన చట్టంలోనే ఉంది.

సాక్షి సంతకం మాటకి మోసపోకండి. సాక్షి చెప్పేది "ఫలానావారు సంతకం పెట్టగా చూశాను" అని మాత్రమే. తన హక్కు వదులుకున్నట్టు కాదు. అక్కచెల్లెళ్ళిద్దరూ రాసిచ్చేవారి వరుసలో ఉండాలి, లేదా ముందే అన్నదమ్ముల పేర హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించాలి. రిజిస్టరు చేయించకుండా వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్నది చెల్లదు.

మూడో వాటా:
ఈయన చెప్పింది నేను అనుభవించానండి. తణుకు వైపు ఒక డాబా కొన్నాను. ఈసీ, అంటే ఆస్తి మీద లావాదేవీల ధ్రువపత్రం, తీయించాను, శుభ్రంగా ఉంది. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనబడతాయి, వారసులు కనబడరని అప్పుడు తెలీదు. పై అంతస్తు శ్లాబు వేసే రోజు, మేస్త్రీలు తట్టలు అందుకుంటుండగా కోర్టు అమీను వచ్చి గేటుకి కాగితం అంటించి వెళ్ళాడు. అమ్మినాయన చెల్లెలు పంపకం దావా వేసింది. పైకి లేచిన ఇనుప చువ్వలు నాలుగు వర్షాకాలాలు తడిసి తుప్పు పట్టాయి. దావా నడుస్తోందని బ్యాంకు అప్పు ఇవ్వనంది. చివరికి పెద్దమనుషుల్లో కూర్చుని ఆవిడ వాటాకి అప్పటి ధర కట్టి రాజీ రాయించుకున్నాను. అమ్మినాయన దగ్గర రూపాయి వెనక్కి రాలేదు.

లంక తోట:
సరేనండి, చట్టం అదే అనుకుందాం. మరి ఇచ్చిన ముప్పై సెంట్ల సంగతి? అది లెక్కలోకి రాదా? అది అన్నదమ్ములకి అన్యాయం కాదా?

దస్తావేజుల పెట్టె:
తండ్రి పసుపు కుంకుమ కింద ఇచ్చింది ఆయన ఇష్టంతో ఇచ్చిన కానుక. దానివల్ల చట్టం వాటా తగ్గించదు. ఇంట్లో కూర్చుని మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఆ లెక్క తప్పకుండా చెప్పుకోవచ్చు. చాలామంది ఆడపడుచులు అదే ఒప్పుకుని పైసా తీసుకోకుండా సంతకం పెట్టారు, నా చేత్తో రాశాను. సంతకం పెట్టడం వేరు, డబ్బు పుచ్చుకోవడం వేరు. అడక్కుండా ఉండటం మాత్రం తప్పండి.

పసుపు గడప:
నేను అలాంటి ఆడపడుచునే. రాజోలు వైపు మా పుట్టిల్లు. అమ్మ పోయాక ప్రతి శ్రావణ మాసం వెళ్ళి ఆ గడపకి నేనే పసుపు రాసేదాన్ని. మా అన్నలు ఇల్లు అమ్మేశారని పక్కింటి పిన్ని ఫోను చేస్తే తెలిసింది. అప్పటికి తలుపులు ఊడదీసి ట్రాక్టరుకి ఎక్కించేశారంట. ఒక్కసారి "చెల్లీ, అమ్ముదామనుకుంటున్నాం" అని ఉంటే డబ్బు మాట ఎత్తకుండా సంతకం పెట్టి, ఆ గడప చెక్క ఒక్కటి అడిగి తెచ్చుకునేదాన్ని. లంక తోట అన్నయ్యగారూ, సంతకం అడిగితే బంధం తెగిపోతుందన్నారు. మాది అడగనందుకే తెగింది. రెండేళ్ళయింది, నేను పండక్కి వెళ్ళలేదు.

లంక తోట:
అమ్మా, మీరు రాసింది చదివి చాలాసేపు ఫోను పక్కన పెట్టేశాను. మా అక్కలకి నేనూ చెప్పలేదు. రేపు పెద్దక్క దగ్గరికి వెళ్తాను.

కొత్త గడప:
అందరికీ దణ్ణాలండి. ఈ సాయంత్రం వాళ్ళ పెద్దబ్బాయితో మాట్లాడాను. నలుగురి సంతకాలూ, తల్లిగారిదీ ఉంటేనే మిగతా సొమ్ము, లేకపోతే బయానా వెనక్కి ఇమ్మన్నాను. కాసేపు ముఖం మాడ్చుకున్నాడు గానీ తల్లిగారు లోపల్నుంచి "పిలవండ్రా వాళ్ళనీ" అన్నారు. పెద్దమ్మాయి పాలకొల్లులో ఉంది. చిన్నమ్మాయి కువైట్‌లో ఉందట, ఇప్పట్లో రాలేదు. ఆవిడకి ఎలా?

దస్తావేజుల పెట్టె:
అక్కడి భారత రాయబార కార్యాలయంలో సంతకం పెట్టి పవరు, అంటే తన తరఫున సంతకం పెట్టే అధికార పత్రం, పంపాలి. ఇల్లు అమ్మే అధికారం అందులో విడిగా, స్పష్టంగా రాయించండి, సర్వే నంబరూ నాలుగు హద్దులూ ఉండాలి. ఇక్కడికి చేరిన మూడు నెలల లోపు స్టాంపు వేయించాలి, ఆ గడువు దాటనివ్వకండి. తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కూడా అడగండి, అందులో కూతుళ్ళిద్దరి పేర్లూ ఉన్నాయో లేదో మీ కళ్ళతో చూసుకోండి.

కొత్త గడప:
ఆదివారం పెద్దబ్బాయితో కలిసి పాలకొల్లు వెళ్తున్నానండి. మా ఆవిడా వస్తానంటోంది.