పాత జాన్సన్ బోటు ఇంజన్ టైమింగ్: ఫీలర్ గేజ్ సరిపోతుందా, మీటర్ పెట్టాల్సిందేనా?

చెరువుగట్టు (మిన్నెసోటా)
అందరికీ నమస్కారం. 1957 నాటి జాన్సన్ 5.5 హార్స్‌పవర్ ఇంజన్ ఒకటి కొన్నాను. రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, తాడు లాగి స్టార్ట్ చేసేది. ఫుల్ థ్రాటిల్‌లో బాగానే పరిగెడుతుంది. స్లోలో మాత్రం ఒక సిలిండర్ వదిలేస్తోంది. ఫ్లైవీల్ (పైనుండే బరువైన చక్రం) తీసి, పాత పాయింట్లే (స్పార్క్ కోసం తెరుచుకుని మూసుకునే లోహపు కొనలు) శుభ్రం చేసి, ఫీలర్ గేజ్‌తో (మందం రాసి ఉండే పల్చటి రేకు) రెండింటికీ 0.020 అంగుళాల గ్యాప్ పెట్టాను. అయినా అదే తీరు. గ్యాప్ సరిగ్గా పెడితే టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) దానంతట అదే కుదురుతుందని ఒకరంటారు, అదొక్కటే చాలదు, మల్టీమీటర్ పెట్టి చూడాలని ఇంకొకరు. ఎవరి మాట వినాలి?

పాతయెజ్డీ
గేజ్ చాలండి. ఈ ఇంజన్లో టైమింగ్ కోసం విడిగా తిప్పే స్క్రూ లేదు. పాయింట్లని తెరిచే క్యామ్, క్రాంక్ (ఇంజన్ తిప్పే కడ్డీ) మీద కీతో (చిన్న లోహపు ముక్క) కూర్చుంటుంది, పాయింట్లు ప్లేటు మీద ఉంటాయి. మీరు మార్చగలిగింది గ్యాప్ ఒక్కటే. కంపెనీ 0.020 అని చెప్పింది అందుకే. నేను ఇలాంటివి రెండు బాగు చేశాను, రెండూ గేజ్‌తోనే. ముందు క్యామ్ మీద ‘టాప్’ అన్న అక్షరాలు పైకి ఉన్నాయో లేదో చూడండి. తిరగేసి పెడితే ఏ గేజూ కాపాడదు. ఫ్లైవీల్ కీ కొంచెం కోసుకుపోయినా అంతే. ఆ తర్వాత కాయిల్స్ (స్పార్క్‌కి కరెంట్ ఇచ్చే తీగచుట్టలు) చూడండి. ఆ కాలం కాయిల్స్‌కి పైతొడుగు పగిలిపోవడం మామూలే.

కాకినాడ షెడ్డు
యెజ్డీ గారూ, క్యామ్, కీ, కాయిల్ విషయంలో మీ మాటే నా మాట. గేజ్ దగ్గర మాత్రం ఒప్పుకోలేను. స్పార్క్ పుట్టేది పాయింట్లు విడిపోయే క్షణంలో. ఎంత దూరం విడిపోయాయన్నది ఆ తర్వాతి సంగతి. గ్యాప్ పెంచితే ముందుగా విడిపోతాయి, తగ్గిస్తే ఆలస్యంగా. ఇక అరిగిన పాయింట్లలో ఒకదాని మీద గుంట, రెండోదాని మీద బుడిపె ఉంటాయి. గేజ్ రేకు చదునుగా ఉంటుంది కాబట్టి బుడిపె మీద ఆనుకుంటుంది, గుంటలోకి దిగదు. రేకు 0.020 అంటుంది, లోపల నిజం గ్యాప్ అంతకంటే ఎక్కువ. చెరువుగట్టు గారు వాడింది పాత పాయింట్లే కదా.

మా నాన్న రాజ్‌దూత్‌లకి టైమింగ్ పెట్టేటప్పుడు సిగరెట్ పెట్టెలో ఉండే పల్చటి కాగితం పాయింట్ల మధ్య పెట్టి, మ్యాగ్నెట్‌ని మెల్లగా తిప్పేవారు. కాగితం జారిన చోటే పాయింట్ విడిపోయినట్టు. మీటర్ చేసేదీ అదే పని: పాయింట్లు కలిసి ఉన్నంతసేపు కూస్తుంది, విడిపోగానే ఆగుతుంది. కాకపోతే కాయిల్ వైరు, కండెన్సర్ వైరు పాయింట్ నుంచి విప్పేయాలి. లేదంటే కాయిల్లోంచే కరెంట్ దారి దొరికి, పాయింట్ విడిపోయినా మీటర్ కూస్తూనే ఉంటుంది. చాలామంది ఇక్కడే విసిగిపోయి మీటర్ పనికిరాదని వదిలేస్తారు.

మీ ఇంజన్లో ఒకే క్యామ్ రెండు పాయింట్లనూ తెరుస్తుంది. కాబట్టి అవి సరిగ్గా సగం చుట్టు తేడాతో విడిపోవాలి. స్పార్క్ ప్లగ్గులు తీసేసి, పాయింట్లకి సన్న వైర్లు కట్టి బయటికి తెచ్చి, ఫ్లైవీల్‌ని కీ మీద వదులుగా పెట్టండి. థ్రాటిల్ హ్యాండిల్ ఫుల్‌లో ఉంచి కదలకుండా చూడండి. ఇంజన్ తిరిగే వైపుకే చేత్తో తిప్పుతూ, కూత ఆగిన చోట కదలని గుర్తుకి ఎదురుగా ఫ్లైవీల్ అంచు మీద సుద్దతో గీత పెట్టండి. రెండో పాయింట్‌కీ అలాగే. తర్వాత టేపుతో కొలవండి. చుట్టుకొలత 63 సెంటీమీటర్లయితే రెండు వైపులా 31.5 రావాలి. అక్కడ 1.75 మిల్లీమీటర్ల తేడా అంటే ఒక డిగ్రీ.

పాతయెజ్డీ
అరిగిన పాయింట్ల విషయంలో మీరన్నది నిజం, ఒప్పుకుంటున్నాను. అందుకే నేను ఎప్పుడూ కొత్తవి వేశాకే గేజ్ పెడతాను. కానీ పై బేరింగ్ అరిగి క్రాంక్ అటూ ఇటూ ఊగుతుంటే మీ మీటర్ కూడా ఒక్కోసారి ఒక్కో చోట కూస్తుంది. అప్పుడు ఏ గీతని నమ్ముతారు?

కాకినాడ షెడ్డు
మూడుసార్లు తిప్పి చూస్తాను. గీత ఒకే చోట పడకపోతే తప్పు బేరింగ్‌లో ఉందని తెలుస్తుంది. గేజ్‌తో ఆ సంగతి బయటపడటం కష్టం.

నీలిపొగ
ఇంత కష్టం ఎందుకు? టైమింగ్ లైట్ (స్పార్క్ పడ్డప్పుడల్లా మెరిసే దీపం) పెట్టి చూస్తే సరిపోదా?

కాకినాడ షెడ్డు
బ్రదర్, దీనిలో థ్రాటిల్ తిప్పితే పాయింట్లున్న ప్లేటే తిరుగుతుంది. స్లోలో టైమింగ్ వెనక్కి, ఫుల్‌లో ముందుకి. స్లోలో లైటు కొట్టి చూసిన గుర్తుతో, ఫుల్‌లో టైమింగ్ ఎంత ముందుకి వెళ్తుందో తెలియదు. అది చూడాలంటే ఫుల్ థ్రాటిల్‌లో నడపాలి. నీళ్ల డ్రమ్ములో పెట్టి ఆ పని చెయ్యకండి, దయచేసి. నీళ్లు ఎగిరిపోయి పంపు ఎండిపోతుంది.

చెరువుగట్టు (మిన్నెసోటా)
నిన్న సాయంత్రమంతా గ్యారేజీలో ఇదే పని. నా ఫ్లైవీల్ కూడా దాదాపు 63 సెంటీమీటర్లే. ఒక వైపు 30.8, రెండో వైపు 32.2 వచ్చాయి. అంటే సగానికి 7 మిల్లీమీటర్లు, 4 డిగ్రీల తేడా. గేజ్ మాత్రం రెండు చోట్లా 0.020 అనే చూపించింది! కింది సిలిండర్ పాయింట్ విప్పి భూతద్దంలో చూస్తే బుడిపె స్పష్టంగా ఉంది. కొత్త పాయింట్లు వేసి, యెజ్డీ గారు చెప్పినట్టు గేజ్‌తోనే పెట్టి, మళ్లీ మీటర్‌తో కొలిచాను. ఈసారి తేడా 2 మిల్లీమీటర్లలోపే. దాన్ని కూడా సరిచేసి బిగించాను.

స్లోలో ఇప్పుడు రెండు సిలిండర్లూ పలుకుతున్నాయి. థ్రాటిల్ తెరిచే మొదట్లో మాత్రం ఒక తడబాటు మిగిలింది.

పాతయెజ్డీ
చూశారా, కొత్త పాయింట్లయితే గేజ్ ఒక్క డిగ్రీ దగ్గరికి తెచ్చింది. నాకు అది చాలు.

కాకినాడ షెడ్డు
మిగిలిన ఆ ఒక్క డిగ్రీ మీటర్ లేకుండా మీకు కనబడేది కాదు కదా యెజ్డీ గారూ.

చెరువుగట్టు గారూ, ఆ తడబాటు టైమింగ్‌ది కాకపోవచ్చు. ప్లేటు కింద ఉన్న ఇంకో క్యామ్ కార్బురేటర్ రోలర్‌ని నెడుతుంది చూడండి. క్యామ్ మీది గుర్తు రోలర్ మధ్యకి వచ్చేసరికి బటర్‌ఫ్లై (కార్బురేటర్‌లో గాలి దారి తెరిచే రేకు) అప్పుడే కదలడం మొదలుపెట్టాలి. ముందే తెరుచుకుంటే గాలి ఎక్కువై ఇంజన్ తడబడుతుంది. అది చూసి ఫొటో పెట్టండి.