పుట్టిన దేశమే నిన్ను పౌరుడివి కాదంటే?

ప్రశ్న:
ఒక దేశంలో పుట్టి, అక్కడే చదువుకుని, అక్కడి భాష తప్ప ఇంకోటి రాని మనిషిని కూడా "నువ్వు మావాడివి కాదు" అని చట్టం అనొచ్చా? అమెరికాలో పుడితే చాలంటారు, మరి మిగతా దేశాల్లో ఎందుకు చాలదు?

జవాబు 1:
అనొచ్చండి, చాలా దేశాల్లో అంటున్నారు కూడా. కొన్ని దేశాలు పుట్టిన చోటు చూస్తాయి, ఎక్కువ దేశాలు తల్లిదండ్రులెవరో చూస్తాయి. అమెరికాలో పుట్టినవాళ్లు అక్కడి పౌరులే అనే 1868 నాటి రాజ్యాంగ 14వ సవరణ వచ్చిందే బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివాళ్ల పౌరసత్వాన్ని ఎవరూ కాదనకుండా ఉండటానికి. చైనా తల్లిదండ్రులకు శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్‌కీ అది వర్తిస్తుందని 1898లో సుప్రీంకోర్టు తేల్చింది. మన దగ్గరైతే 1987 జులై 1కి ముందు ఇక్కడ పుడితే దాదాపు అందరూ పౌరులే, ఆ తర్వాత తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి, 2004 డిసెంబర్ 3 నుంచి రెండోవాళ్లు అక్రమ వలసదారు కూడా కాకూడదు. అంటే ఒకే ఇంట్లో అన్న పౌరుడు, తమ్ముడు కాకపోవచ్చు!

జవాబు 2:
మన దగ్గరది ఆ తేదీల తర్వాత పుట్టినవాళ్లకే వర్తించే మార్పు, కాస్త నయం. డొమినికన్ రిపబ్లిక్‌లో 2013లో రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు 1929 దాకా వెనక్కి వెళ్లింది. అక్కడే పుట్టి పెరిగిన, పక్క దేశమైన హైతీ మూలాలవాళ్లు, ముసలివాళ్లతో సహా, ఒక్కసారిగా ఏ దేశమూ లేనివాళ్లయ్యారు. మరుసటి ఏడాది ఇంకో చట్టం తెచ్చి కొందరికి తిరిగిచ్చారు కానీ అందరికీ కాదు. ఉన్న పౌరసత్వాన్ని వెనకటి తేదీతో లాక్కోవడం ఏ లెక్కన చూసినా అన్యాయం.

జవాబు 3:
తల్లుల సంగతి ఎవరూ ఎత్తలేదేం? కువైట్, లెబనాన్ లాంటి చోట్ల తండ్రి విదేశీయుడైతే, తల్లి అక్కడి పౌరురాలైనా బిడ్డకి మామూలుగా ఆమె పౌరసత్వం రాదు. తండ్రికే ఏ దేశమూ లేకపోతే ఆ బిడ్డ ఏమైపోవాలి?

ప్రశ్న అడిగినవారు:
అదే నా టెన్షన్ కూడా. అలాంటి పిల్లలకి ఎక్కడా దారి లేదా?

జవాబు 1:
1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఉంది. వేరే ఏ పౌరసత్వమూ రాని బిడ్డకి పుట్టిన దేశమే ఇవ్వాలంటుంది, కొన్ని షరతులతో. కాకపోతే సంతకం పెట్టిన దేశాలకే అది వర్తిస్తుంది, భారత్ పెట్టలేదు.