అత్తయ్యగారు, మామయ్యగారు, పదో తరగతి పిల్లాడు, హాల్లో ఒకటే టీవీ: ఏ సిరీస్ పెట్టమంటారు?

పద్మజ_కూకట్‌పల్లి

అందరికీ నమస్తే. మా అత్తయ్యగారికి మోకాలు ఆపరేషన్ అయింది. సంక్రాంతి దాకా మా దగ్గరే ఉంటారు, మామయ్యగారు కూడా వచ్చారు. సొంతూరు అమలాపురం దగ్గర. మామయ్యగారు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు, పొద్దున పేపరు పట్టుకుంటే టెండరు ప్రకటనలు కూడా వదలరు. మావాడిది పదో తరగతి. మా ఆయనకి పోలీసు కథలు తప్ప వేరేవి ఎక్కవు.

అత్తయ్యగారు ఇన్నాళ్ళూ సీరియళ్ళు చూసేవారు. ఈ మధ్య వాటి మీద కూడా విసుగొచ్చేసింది. "ఒక్క చెంపదెబ్బని మూడు రోజులు చూపిస్తున్నారే" అంటున్నారు. వెంకటేష్ అంటే ఆవిడకి ప్రాణం కదా అని మా ఆయన ఉత్సాహంగా రానా నాయుడు పెట్టారు. తర్వాత ఏం జరిగిందో మీరే ఊహించుకోండి. ఆ కంగారులో రిమోట్ ఎక్కడుందో దొరక్క నేను వెళ్ళి ప్లగ్ పీకాను.

తెలుగైతే మంచిది. డబ్బింగ్ అయినా ఫర్వాలేదు, సబ్‌టైటిళ్ళు మాత్రం అత్తయ్యగారు చదవలేరు. బూతులు, పడగ్గది సీన్లు వద్దు. నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్, ఈటీవీ విన్, హాట్‌స్టార్ ఉన్నాయి. అవసరమైతే జీ5 తీసుకుంటాం. "సూపర్, చూడండి" అని ఒక పేరు రాసి వెళ్ళిపోకుండా, ఎవరికి నచ్చుతుందో, ఎక్కడ బోరు కొడుతుందో కూడా రాయండి ప్లీజ్.

కేబుల్_బాబాయ్_తెనాలి

అమ్మా పద్మజా, నేను తెనాలిలో కేబుల్ నడిపినవాణ్ణి. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి చూడు, అప్పటి నుంచి మా పేటలో ఏ ఇంట్లో ఎవరు ఏం చూస్తారో నాకు తెలుసు. ఇప్పుడు మా అబ్బాయి ఇంటర్నెట్ కనెక్షన్లు చూసుకుంటున్నాడు. నేను ఖాళీ, అందుకని అన్నీ చూస్తాను, అన్నిటినీ తిడతాను.

ముందు ఆ రానా నాయుడు సంగతి. అది హిందీలో తీసింది. రే డొనోవన్ అనే అమెరికా సిరీస్‌ని మనవాళ్ళతో మళ్ళీ తీశారు. అందులో వెంకటేష్ తప్పేం లేదు, పెద్దల కోసం తీసిన సరుకు పెద్దలు చూడాలి అంతే. 2021 నుంచి ఐటీ నిబంధనలు వచ్చాయి కదా, ప్రతి షో మొదట్లో యు, యు/ఎ 7+, 13+, 16+, ఎ అని చూపించాలి. పక్కనే భాష, హింస అని కారణం కూడా రాస్తారు. హీరో మొహం కంటే ముందు ఆ అక్షరాలు చూడండి. 16+ కనబడితే మీరొక్కరే ఫోన్‌లో ఒక ఎపిసోడ్ చూసి, తర్వాత హాల్లో పెట్టండి.

ఇక అసలు విషయం. కార్తీక దీపం వచ్చే రోజుల్లో రాత్రి ఏడున్నరకి వైరు తెగితే ఏడు ముప్ఫై ఒకటికల్లా నా ఫోన్ మోగేది. అదే ఏదైనా సినిమా మధ్యలో సిగ్నల్ పోతే ఇంతమంది అడిగేవాళ్ళు కాదు, మళ్ళీ వేస్తార్లే అనుకునేవాళ్ళు. రోజూ ఒకే టైము, ఒక అరగంట, ఆ రోజుకి ఒక సంగతి. మీ అత్తగారి అలవాటు అది. అందుకని రాత్రంతా కూర్చోబెట్టి ఎనిమిది ఎపిసోడ్లు చూపించకండి. ఏడున్నరకి ఒక్కటి పెట్టి ఆపేయండి. మర్నాడు పొద్దున్నే ఆవిడే అడుగుతారు.

మన తెలుగు సిరీస్‌లతో నాకున్న పేచీ కూడా ఇక్కడే. తీసేవాళ్ళలో ఎక్కువమంది సినిమావాళ్ళు. రెండున్నర గంటల కథని ఎనిమిది ముక్కలు కోసి, ముక్క చివర ఎవరో తలుపు కొట్టినట్టు చూపిస్తే ఎపిసోడ్ అయిపోయిందనుకుంటారు. నేను ఒకటే చూస్తాను: మూడో ఎపిసోడ్ ఒక్కటే చూసి లేచిన మనిషికి ఏమైనా దక్కిందా? సీరియల్ రాసేవాళ్ళని ఎంతైనా తిట్టండి, ఆ సంగతి వాళ్ళకి తెలుసు.

ఆ లెక్కన మొదట నైంటీస్ పెట్టండి. ఈటీవీ విన్‌లో ఉంది, 2024 జనవరిలో వచ్చింది, ఆరే ఎపిసోడ్లు. శివాజీ లెక్కల మాస్టారు, ఇంట్లో ముగ్గురు పిల్లలు, రూపాయి రూపాయికీ లెక్క. భార్యగా వాసుకి చేసింది. తొలిప్రేమలో పవన్ కల్యాణ్ చెల్లెలంటే మీ అత్తగారు ఇట్టే గుర్తుపడతారు. పెద్దకొడుకుగా వేసిన మౌళి తర్వాత లిటిల్ హార్ట్స్‌తో హీరో అయ్యాడు, మీవాడికి తెలిసే ఉంటుంది. ఇందులో హత్య లేదు, మాఫియా లేదు. పిల్లాడి మార్కులు, పొద్దున ఉప్మా, ఇంటికొచ్చిన చుట్టాలు, ఇవే. అయినా ప్రతి ఎపిసోడ్‌కి తనదంటూ ఒక సంగతి ఉంటుంది. నాకు నచ్చనిది కూడా చెప్తాను. నాన్న పిసినారితనం, నాన్న కోపం, అన్నిటినీ చివరికి ప్రేమ కింద జమ వేసేస్తారు. ఆ ఇంటి గురించి ఆ తల్లికి సొంతంగా ఒక అభిప్రాయం ఉంటుందని రాసినాయనకి తోచినట్టు లేదు. మీ అత్తగారు చూశాక ఏమంటారో నాకు రాయండి.

రెండోది కుమారి శ్రీమతి, ప్రైమ్‌లో, 2023లో వచ్చింది, ఏడు ఎపిసోడ్లు. మీవాళ్ళు కోనసీమ కాబట్టి చెప్తున్నా. తాతగారి ఇల్లు దక్కించుకోవడానికి నిత్యా మేనన్ గోదావరి పల్లెటూళ్ళో బార్ పెడుతుంది. బార్ అనగానే భయపడకండి, తాగుబోతు జోకులకి తీసింది కాదు. పెళ్ళి కాని ఆడపిల్ల లైసెన్సు కోసం తిరగడం, ఊరు నోరు నొక్కుకోవడం, తల్లి గౌతమితో మాటామాటా అనుకోవడం, అవన్నీ బాగుంటాయి. నిరుపమ్ పరిటాల కూడా ఉన్నాడు. అదేనమ్మా, కార్తీక దీపం డాక్టర్ బాబు! మీ అత్తగారికి ఆ ఒక్క ముక్క చెప్తే చాలు. లోపం ఏమిటంటే ఊళ్ళో వాళ్ళు కొందరు మరీ మంచివాళ్ళు. ఇల్లు పోతుందేమోనన్న టెన్షన్ నడుమ ఎపిసోడ్లలో సడలిపోతుంది.

సేవ్ ది టైగర్స్ (హాట్‌స్టార్) మీ దంపతులు చూడండి. ముగ్గురు మొగుళ్ళ గోల. పాల వ్యాపారం చేసే గంటా రవిగా ప్రియదర్శి, భార్యగా జోర్దార్ సుజాత, వాళ్ళిద్దరి దెబ్బలాటలు వింటుంటే పక్కింటి గోడకి చెవి ఆనించినట్టుంటుంది. మందు సీన్లు ఉన్నాయి, మామగారి ముందు మీవారు ఇబ్బంది పడతారు. మొదటి సీజన్‌తో ఆపేసినా నష్టం లేదు. రెండో దాంట్లో కనబడకుండా పోయిన నటి కేసు పట్టుకుని సాగదీశారు.

మీ మామగారు పేపరు మనిషి కాబట్టి ఎవరో ఒకరు దూత చూడమంటారు. నాగ చైతన్య జర్నలిస్టు, పాత పేపరు ముక్కల్లో రాసింది రాసినట్టు జరుగుతుంటుంది. ఎత్తుగడ మహ బాగుంది. కానీ అది నేను చెప్పిన ముక్కలు కోసిన సినిమా. మూడో ఎపిసోడ్ విడిగా చూస్తే ఏమీ మిగలదు. పైగా విశాఖపట్నంలో అన్నిసార్లు వాన! ఎండ కోసం మొహం వాచిపోతాం. చావులు కూడా బాగా భయపెట్టేలా ఉంటాయి. మీవాడు, మీవారు చూసుకోవచ్చు, ఆవిడ పడుకున్నాక.

కార్యదర్శి_నల్గొండ

బాబాయ్ గారూ, మీ మూడో ఎపిసోడ్ పరీక్షలో ఫస్ట్ క్లాసులో పాసయ్యేది ఒకటి వదిలేశారు, సివరపల్లి. ప్రైమ్‌లో 2025 జనవరిలో వచ్చింది. ఇష్టం లేకుండా పల్లెటూరికొచ్చిన కుర్ర పంచాయతీ కార్యదర్శిగా రాగ్ మయూర్. సర్పంచ్ రూపలక్ష్మి, పెత్తనం మాత్రం భర్త మురళీధర్ గౌడ్‌ది. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చు.

నేను ఆ ఉద్యోగమే చేస్తాను కాబట్టి నా కడుపుమంట కాస్త చెప్పుకోనివ్వండి. ఇది హిందీ పంచాయత్‌కి రీమేక్. మొదటి సీజన్ కథలు దాదాపు అలాగే దించారు. భాష మాది, ఇళ్ళు మావి, ఉద్యోగం మాత్రం ఉత్తరప్రదేశ్‌ది. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చారు. ఆ చేరినవాళ్ళ బతుకు ఎలా ఉంటుందో తెలుసా? పొద్దున్నే ఊళ్ళో నిలబడి యాప్‌లో ఫొటో పెట్టాలి. మోరీలు తీయించాలి, నర్సరీలో మొక్కలు ఎండిపోతే మెమో. ట్రాక్టర్ కిస్తీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం (అంటే ఊరి శ్మశానం), ఇంటి పన్ను వసూలు. నీళ్ళ ట్యాంకు మోటరు కాలిపోతే సర్పంచ్ కంటే ముందు నాకు ఫోనొస్తుంది. ఇంత సరుకు చేతిలో పెట్టుకుని దయ్యం చెట్టు కథ చెప్పారే అని నా బాధ. ఇంకో చిత్రం చూడండి. మా సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లోనే అయిపోయింది. ఈ సిరీస్ వచ్చేనాటికి మేమంతా ప్రత్యేక అధికారుల కింద ఉన్నాం. టీవీలో సర్పంచ్ భర్త అజమాయిషీ చూస్తూ మా ఊరి మాజీ సర్పంచ్ గారి భర్త "గా రోజులే వేరు" అన్నాడు.

అయినా చూడండి. మురళీధర్ గౌడ్ మాట్లాడుతుంటే నటిస్తున్నట్టే ఉండదు. హెడ్మాస్టరు గారికి ఆఫీసు తంతులు తెలుసు కాబట్టి మాకంటే ఎక్కువ నవ్వుకుంటారు.

డాలస్_నైట్‌షిఫ్ట్

అందరూ పెద్దవాళ్ళ గురించే రాస్తున్నారు, పదో తరగతి పిల్లాడికి దూత తప్ప ఒక్కటి కూడా లేదు. జీ5 తీసుకుంటే వాడితో లూజర్ చూడండి. 2020లో వచ్చింది, అన్నపూర్ణ స్టూడియోస్ తీసింది. మూడు వేర్వేరు కాలాల్లో ముగ్గురు ఆటగాళ్ళు: రైఫిల్ షూటింగ్, బ్యాడ్మింటన్, క్రికెట్. గెలుపు దగ్గర ఈలలు వేయించే రకం కాదు. రైఫిల్ కొనుక్కోలేని వాడు రైఫిల్ షూటర్ ఎలా అవుతాడు? ఆ ఒక్క ప్రశ్న మీద ప్రియదర్శి ట్రాక్ నడుస్తుంది. అతన్ని కమెడియన్ అనుకునేవాళ్ళకి ఇది చూపించాలి.

బాబాయ్ గారూ, మీతో ఒక చోట గొడవ పెట్టుకుంటాను. ప్రతి ఎపిసోడూ విడిగా నిలబడాలంటే కొన్ని కథలు అసలు చెప్పలేం. లూజర్‌లో మూడో ఎపిసోడ్ ఒక్కటే చూస్తే ఎవరు ఏ కాలం వాళ్ళో కూడా అర్థం కాదు. కానీ మూడు దారులు కలిసే చోట, అంతసేపు ఓపిక పట్టించినందుకే దెబ్బ గట్టిగా తగులుతుంది. రోజుకొకటి చూస్తే ఆ దెబ్బ తగలదు. నేను శనివారం ఒక్క దమ్ములో చూశాను.

మీ వారికైతే కేరళ క్రైమ్ ఫైల్స్ మొదటి సీజన్, హాట్‌స్టార్‌లో తెలుగు డబ్బింగ్‌తో ఉంది. 2011లో కొచ్చి లాడ్జిలో హత్య, పోలీసుల చేతిలో ఉన్నది రిజిస్టర్‌లో రాసిన ఒక దొంగ అడ్రస్ మాత్రమే. అరుపులు, ఫైట్లు లేవు. చెప్పులరిగేలా తిరిగే పోలీసులు ఉన్నారు. చచ్చిపోయింది సెక్స్ వర్కర్, కాబట్టి హాల్లో అందరి మధ్యా వద్దు. డబ్బింగ్‌లో కానిస్టేబుల్ నుంచి పాన్‌షాపు అతను దాకా అందరూ వార్తలు చదివినట్టు మాట్లాడతారు, అదొక్కటీ ఓర్చుకోవాలి.

పద్మజ_కూకట్‌పల్లి

అందరికీ థాంక్స్. నైంటీస్ అయిపోయింది, కుమారి శ్రీమతి నడుస్తోంది. బాబాయ్ గారు చెప్పినట్టే ఏడున్నరకి ఒకటే. మొదట్లో మావాడు గొణిగాడు, ఇప్పుడు ట్యూషన్ నుంచి ఆ టైముకి వచ్చేస్తున్నాడు.

నైంటీస్‌లో తల్లి గురించి అత్తయ్యగారు ఏమన్నారో రాయమన్నారుగా. "ఆ పిల్ల ఒక్కసారి పుట్టింటికి వెళ్ళి పది రోజులు కూర్చుంటే తెలిసేది ఆయన లెక్కలెంతో" అన్నారు. మామయ్యగారు అప్పుడు పేపరు అడ్డం పెట్టుకున్నారు. కుమారి శ్రీమతిలో ఆయనకి యాసతో పేచీ. కొందరి నోట్లో మా వైపు మాట ఉంది, కొందరి నోట్లో లేదట. అత్తయ్యగారికి అవేం పట్టవు, డాక్టర్ బాబు కనిపించేదాకా భోజనం వడ్డించనివ్వరు. తర్వాత సివరపల్లి. మా ఆయన కేరళ పోలీసుల్ని ఫోన్‌లో చూసుకుంటున్నారు. లూజర్ పబ్లిక్ పరీక్షలయ్యాక, అదీ డాలస్ గారి పద్ధతిలో ఒకే రోజు చూసుకోమని వాడికి మాటిచ్చాను.

ఇంకో చిన్న డౌటు. మాటలు లోగొంతుకలో వినబడతాయి, పెంచితే మ్యూజిక్ వచ్చినప్పుడు ఇల్లదిరిపోతుంది. రిమోట్ పట్టుకునే కూర్చోవాల్సి వస్తోంది. టీవీ పాడైందంటారా?

కేబుల్_బాబాయ్_తెనాలి

టీవీ బాగానే ఉందమ్మా. వాళ్ళు థియేటర్లోలాగా చుట్టూ స్పీకర్లుంటాయని సౌండ్ కలుపుతారు, మీ టీవీకున్నవి రెండు. షో నడుస్తుండగా ఆడియో మెనూలోకి వెళ్ళండి. తెలుగు రెండు రకాలుగా కనిపిస్తే 5.1 అని లేనిది ఎంచుకోండి. అలా లేకపోతే టీవీ సెట్టింగుల్లో సౌండ్ మోడ్ అని ఉంటుంది, సినిమా నుంచి స్టాండర్డ్‌కో, వాయిస్ అన్నదానికో మార్చండి. ఆటో వాల్యూమ్ అని ఉంటే అది కూడా ఆన్ చేయండి. అయినా తగ్గకపోతే టీవీ ఏ కంపెనీయో, ఏ మోడలో రాయండి, మా అబ్బాయిని అడిగి చెప్తాను. మీ అత్తగారి మాట మా ఆవిడకి చదివి వినిపించాను, సివరపల్లి అయ్యాక ఆవిడ ఏమన్నారో అది కూడా రాయమంది.