స్లొవీన్‌లో ‘డ్రెస్’ అంటే జెర్సీ

స్లొవేనియా దేశపు స్లొవీన్ భాషలోకి వెళ్ళిన ఇంగ్లీషు బట్టల మాటల్లో నాకు బాగా నచ్చింది ‘డ్రెస్’. మన దగ్గర ఆడపిల్ల “ఇవాళ చీర కాదు, డ్రెస్ వేసుకుంటా” అంటే చుడీదారో సల్వారో అని ఇట్టే తెలిసిపోతుంది. అదే మాట స్లొవేనియా రాజధాని లుబ్లియానాలో వింటే, వెనక నంబరు ఉండే ఆటగాళ్ళ జెర్సీ. జర్మన్‌లోనూ డ్రెస్ అంటే ఆటల దుస్తులే. ఇక ఇంగ్లీషువాళ్ళు డ్రెస్ అనే ఆడవాళ్ళ గౌనుకు స్లొవీన్‌లో సొంత మాట ‘ఒబ్లేకా’ ఉంది. మగవాళ్ళ సూటుకూ అదే చెల్లుతుంది.

అసలు అందం వాడుకలో ఉంది. స్లొవేనియా ఫుట్‌బాల్ గోల్‌కీపర్ యాన్ ఓబ్లాక్ 2014లో స్పెయిన్ క్లబ్బు అట్లెటికో మాడ్రిడ్‌లో చేరాడు. అతను ఆ క్లబ్బుకు ఆడుతున్నాడని చెప్పడానికి ‘ఉ డ్రెసు అట్లెటికా’, అంటే అట్లెటికో డ్రెస్‌లో, అంటారు. జాతీయ జట్టు డ్రెస్ తొడుక్కున్నాడంటే దేశం తరఫున ఆడాడని. డ్రెస్ మార్చాడంటే క్లబ్బు మారాడని. 2017లో ఇస్తాంబుల్‌లో సెర్బియాను 93-85తో ఓడించి యూరోపియన్ బాస్కెట్‌బాల్ టైటిల్ గెలిచిన స్లొవేనియా జట్టు, ఆ ఆటలో 35 పాయింట్లు చేసిన గోరాన్ డ్రాగిచ్ తలపుకొస్తే ఆ మాటకు అక్కడ ఎంత బరువుందో అర్థమవుతుంది.

వ్యాకరణం చూడండి, ముచ్చటేస్తుంది. స్లొవీన్‌లో ద్వివచనం ఇంకా బతికే ఉంది, సంస్కృతంలో రామః, రామౌ, రామాః లాగా. బయటినుంచి వచ్చిన ఈ మాటనూ వదల్లేదు: ఎన్ డ్రెస్ (ఒకటి), ద్వా డ్రెసా (రెండు), త్రియె డ్రెసి (మూడు). అయిదు దగ్గరికొచ్చేసరికి మళ్ళీ మారి పెట్ డ్రెసౌ. అరువు మాటను ఇంత పూర్తిగా ఇంటిది చేసుకోవడం నాకు గొప్పగా అనిపిస్తుంది.

జీన్స్‌ది ఇంకో దారి. దాన్ని ‘కౌబోయ్‌కె’ అంటారు, కౌబాయ్ నుంచి చేసుకున్న మాట. అది ఎప్పుడూ బహువచనమే కాబట్టి ద్వివచనం కుదరదు, రెండు జీన్స్ అనాలంటే ‘ద్వొయె’ అని వేరే సంఖ్యావాచకం వాడాలి. ‘స్మోకింగ్’ అంటే పార్టీలకు వేసుకునే నల్ల సూటు. పొగ తాగడానికి వాళ్ళ మాట ‘కాయెన్యె’.

జంతువులకు ఆటలు నేర్పించడాన్ని ‘డ్రెసీరతి’ అంటారు. జెర్సీకి పొంతన లేనట్టుంటుంది గానీ, రెండిటి మూలమూ సరిచేయడం, తీర్చిదిద్దడం అనే అర్థమున్న పాత ఫ్రెంచి క్రియే.