తుంగనాథ్ నుంచి తెచ్చిన పొద రాయగడలో బతుకుతాదా?

రాయగడ కుర్రోడు:
మొన్న జూన్‌లో అమ్మానాన్నల్ని కేదార్ తీసికెళ్లి పనిలోపని ఆ హిమాలయాల్లోనే ఉన్న తుంగనాథ్ శివుడి గుడికి కూడా ఎక్కేం. గుడి దాటి పైనున్న చంద్రశిల శిఖరం వైపు పోతుంటే చెట్టన్నదే లేదు, గడ్డీ రాళ్లూ, మధ్యలో మోకాలెత్తు పొదలు, లేత పసుపు పూల గుత్తులు. ఆకు నలిపితే సాంబ్రాణి వాసన, వెనకవైపు చూస్తే తుప్పు రాసినట్టుంది. తప్పో ఒప్పో ఒక రెమ్మ వేరుతో లాగి తడిగుడ్డలో చుట్టి తెచ్చీసేను. నీడలో కుండీ పెట్టి రోజూ నీళ్లు పోస్తన్నా ఇరవై రోజులకే ఆకులు రాలిపోతన్నాయి. మన దేవమాలి కొండ మీద పాతితే బతుకుతాదేటి?

జయపురం మాస్టారు:
మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి అది రోడోడెండ్రాన్ ఆంథోపోగాన్ అయ్యుంటుంది బాబూ. నేపాల్‌లో సున్‌పాతి అంటారు, ఆకులు ఎండబెట్టి ధూపం వేస్తారు. అది పెరిగే ఎత్తు 3,000 మీటర్ల పైమాటే, మన దేవమాలి ఎత్తు చూస్తే 1,672. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతాది, లెక్క మీరే వేసుకోండి. దేవమాలి నెత్తిమీద కూడా గడ్డే కదా అనుకుంటారేమో, చెట్టుని ఆపేసేంత చలి అక్కడ లేదు. తుంగనాథ్ దగ్గర 3,300 ప్రాంతంలోనే అడివి ఆగిపోతాది.

పర్లాకిమిడి:
మా మహేంద్రగిరి 1,501, అక్కడికైనా తెస్తారా గురూ 😀 జోకు సరే గానీ, అటంతా కేదార్‌నాథ్ అభయారణ్యం, మొక్క పీకితే కేసు. దొరకలేదు కాబట్టి సరిపోయింది.

నర్సరీ అన్న:
తిట్టకండి, తెలీక చేసేడు. తమ్ముడూ, ఆ పొద పొట్టిగా ఉంది కాబట్టే అక్కడ నిలబడింది. నేలకి ఆనుకుంటే గాలి దెబ్బ తక్కువ, ఎండ కాసినప్పుడు రాళ్ల వెచ్చదనం అందుతాది, చలికాలం మంచు మీద పడితే దుప్పటి కప్పినట్టే, పైన గాలి ఎంత గడ్డకట్టినా లోపల సున్నాకి కాస్త అటూఇటూ. నిటారుగా పెరిగితే మంచు పైకొచ్చిన కొమ్మ మాడిపోతాది. వేళ్లు జుత్తులా సన్నగా పైపైనే ఉంటాయి, పుల్లటి ఆకుమట్టి కావాలి, ఆ మట్టిలో వేళ్లని అంటిపెట్టుకున్న బూజు ఉండాలి, అదే తిండి అందిస్తాది. మన ఎర్రమట్టి కుండీలో, రాత్రికి కూడా చల్లబడని ఊళ్లో, నువ్వు పోసిన నీళ్లు వేరుని కుళ్లబెట్టేసేయి, అంతే.

రాయగడ కుర్రోడు:
నిజమే అన్నా, లాగితే ఊడొచ్చీసింది, వేరు నల్లగా ముద్దయిపోయింది. రాలిన ఆకులు అమ్మ పారెయ్యనివ్వలేదు, ఎండబెట్టి శుక్రవారం మజ్జిగౌరమ్మ పటం ముందు నిప్పులమీద వేసింది. వాసన మట్టుకు అచ్చం తుంగనాథే.